కుటుంబ అప్పు పరిమితి రెండు కౌంటర్ల మధ్య దాటిపోయింది: రిపీటబుల్ రీడ్ ఎందుకు ఆపలేదు?

హంద్రీగట్టు, కర్నూలు (ప్రశ్న)

నమస్కారం. కర్నూలులో ఒక మండీ దుకాణానికి లెక్కల ప్రోగ్రాం రాసి, నాలుగేళ్లుగా నేనే నడుపుతున్నాను. ఆ దుకాణంవారు రైతులకు విత్తనాలు, ఎరువులు అరువుకు ఇస్తారు. ఉల్లిగడ్డ మార్కెట్ యార్డుకు వచ్చినప్పుడు పట్టీ (అమ్మకపు చీటీ) సొమ్ములో నుంచి ఆ బాకీని మినహాయించుకుంటారు. కౌంటర్లు రెండు ఉన్నాయి. ఒకటి యార్డులో, ఇంకొకటి ఊళ్లో ఎరువుల గోదాము దగ్గర. రెండింటికీ డేటాబేస్ ఒక్కటే, అది పోస్ట్‌గ్రెస్.

షావుకారు గారి నియమం చిన్నది. ఒక కుటుంబానికి ఎన్ని ఖాతాలున్నా సరే, వాటన్నింటి బాకీ కలిపి ఆ కుటుంబానికి నిర్ణయించిన పరిమితిని మించకూడదు. తండ్రి పేరున ఒక ఖాతా, కొడుకు పేరున ఒక ఖాతా ఉండడం ఇక్కడ మామూలే కాబట్టి, ఈ నియమం లేకపోతే ఒకే ఇంటికి రెండింతల అప్పు పోతుంది. ట్రాన్సాక్షన్ (అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదన్న పనుల కట్ట) మొదలుపెట్టి, ఆ కుటుంబపు ఖాతాల బాకీలను కూడి, కొత్త బిల్లును కలిపి చూసి, పరిమితి లోపల ఉంటేనే ఆ మనిషి ఖాతాలో బాకీ పెంచి కమిట్ (ఖాయం) చేసేలా ప్రోగ్రాం రాశాను.

మొన్నటి ఉల్లి సీజనులో ఒక కుటుంబం విషయంలో ఇది తప్పింది. వారి పరిమితి 2,00,000 రూపాయలు. తండ్రి ఖాతాలో 90,000, కొడుకు ఖాతాలో 70,000, మొత్తం 1,60,000 బాకీ ఉంది. తండ్రి యార్డు కౌంటరులో 30,000 అడ్వాన్సు తీసుకున్నారు. సరిగ్గా అదే సమయానికి కొడుకు గోదాము దగ్గర 35,000 విలువైన ఎరువులు ఎత్తించుకున్నాడు. ఒక కౌంటరులో మొత్తం 1,90,000 అని, రెండవదానిలో 1,95,000 అని తేలడంతో రెండు బిల్లులూ ఆమోదం పొందాయి. రాత్రి లెక్క చూస్తే బాకీ 2,25,000 ఉంది. షావుకారు గారు నన్ను పిలిచి, "నీ కంప్యూటరు కంటే మా పాత గుమాస్తా నయం" అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

అప్పటిదాకా ఐసొలేషన్ స్థాయిని (ఒకేసారి నడిచే ట్రాన్సాక్షన్లకు ఒకదాని మార్పులు ఇంకొకదానికి ఎంతవరకు కనిపించాలో చెప్పే సెట్టింగును) ముట్టుకోలేదు, అంటే మామూలుగా ఉండే రీడ్ కమిటెడ్‌లోనే ఉంది. తప్పు అక్కడే ఉందని అనుకుని, దానికంటే పై స్థాయి అయిన రిపీటబుల్ రీడ్‌కు మార్చి, రెండు కిటికీలు పక్కపక్కన తెరిచి అదే సంఘటనను ఆడించి చూశాను. మళ్లీ 2,25,000 వచ్చింది, ఏ దోషమూ చూపలేదు. విచిత్రం ఏమిటంటే, రెండు కిటికీల నుంచీ ఒకే ఖాతాను మార్చబోతే మాత్రం మొదటిది కమిట్ కాగానే రెండవ దానిని 40001 అనే కోడ్‌తో ఆపివేస్తోంది. అంటే కాపలా ఉంది, కానీ నాకు కావలసిన గుమ్మం దగ్గర లేదు.

కూడిక చేసే సెలెక్ట్‌కు (చదివే ఆదేశానికి) ఫర్ అప్‌డేట్ (చదివినదాన్ని మన పని ముగిసేదాకా ఇతరులు మార్చకుండా లాక్ వేసే మాట) తగిలిద్దామంటే, సమ్ వంటి ఫంక్షన్లతో అది కుదరదని పోస్ట్‌గ్రెస్ తిరస్కరించింది. అన్నింటికంటే కఠినమైన సీరియలైజబుల్ స్థాయి పెడితే అంతా నత్తనడక నడుస్తుందని ఒక మిత్రుడు భయపెట్టాడు. అసలు ఇక్కడ లాక్ వేయవలసింది దేనికి?

చిత్రావతి, అనంతపురం

హంద్రీగట్టు గారూ, మీ సమస్యకు రైట్ స్క్యూ (ఇద్దరు వేరు వేరు చోట్ల రాసినా, రెండూ కలిసి నియమం తప్పడం) అని పేరు. పరిష్కారం చెప్పగలవారు ఈ వేదికలో నాకంటే అనుభవజ్ఞులు ఉన్నారు కాబట్టి, రిపీటబుల్ రీడ్ ఎందుకు మౌనంగా ఉండిపోయిందో అంతవరకు వివరిస్తాను.

పోస్ట్‌గ్రెస్‌లో రిపీటబుల్ రీడ్ అంటే ఆచరణలో స్నాప్‌షాట్ ఐసొలేషన్. ట్రాన్సాక్షన్‌లో మొదటి ప్రశ్న (క్వెరీ) వేసిన క్షణాన డేటాబేస్‌కు ఒక ఫొటో తీసినట్టు అవుతుంది. ఆ తరువాత కమిట్ అయ్యేదాకా మీరు చదివేదంతా ఆ ఫొటోలోనిదే. మీరు మార్చబోయే వరుసను (పట్టికలోని ఒక నమోదును) ఆ ఫొటో తీసిన తరువాత ఇంకొకరు మార్చి కమిట్ చేసి ఉంటే మిమ్మల్ని ఆపుతుంది. మీరు చదివి, మార్చకుండా వదిలేసిన వరుసల గురించి మాత్రం అది ఏమీ పట్టించుకోదు. మీ సంఘటనలో యార్డు కౌంటరు కొడుకు ఖాతాను చదివింది, తండ్రి ఖాతాను మార్చింది. గోదాము కౌంటరు తండ్రి ఖాతాను చదివింది, కొడుకు ఖాతాను మార్చింది. రాసిన వరుసలు వేరు వేరు కాబట్టి డేటాబేస్ దృష్టిలో తగాదాయే లేదు. ఒకరి నిర్ణయానికి ఆధారమైన అంకెను రెండవవారు అదే క్షణంలో మార్చివేస్తున్నారన్నది స్నాప్‌షాట్‌కు కనిపించని విషయం.

ఫలితం తప్పు అని మనం దేని ఆధారంగా అంటున్నామో కూడా చూడాలి. ఆ రెండు బిల్లులనూ ఒకదాని తరువాత ఒకటి చేసి చూడండి. తండ్రి ముందు వస్తే మొత్తం 1,90,000 అవుతుంది, కొడుకు 35,000 అడిగినప్పుడు తిరస్కారం వస్తుంది. కొడుకు ముందు వస్తే 1,95,000 అవుతుంది, తండ్రికి తిరస్కారం వస్తుంది. రెండు క్రమాల్లో దేనిలోనూ 2,25,000 రాదు. ఏకకాలంలో నడిచిన ట్రాన్సాక్షన్ల ఫలితం, వాటిని ఏదో ఒక క్రమంలో ఒక్కొక్కటిగా నడిపితే వచ్చే ఫలితంతో సమానం కావాలన్నదే సీరియలైజబుల్ అనే మాటకు అర్థం. మీ షావుకారు గారి పాత గుమాస్తా దగ్గర ఆవర్జా ఒక్కటే ఉండేది, ఒక్క చేతిలోనే ఉండేది. అందుచేత ఆయన అడగకుండానే సీరియలైజబుల్‌గా పనిచేశారు. ఆ పోలిక మిమ్మల్ని నొప్పించినా, షావుకారు గారు చెప్పినది సాంకేతికంగా సరైన మాటే.

ఇక పేర్ల సంగతి. 1992 నాటి ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ భాష) ప్రమాణం నాలుగు స్థాయిలను మూడు దోషాల ద్వారా నిర్వచించింది: కమిట్ కానిదాన్ని చదవడం, చదివిన వరుసే మళ్లీ చదివితే మారి ఉండడం, ఒకే షరతుతో మళ్లీ వెతికితే కొత్త వరుసలు ప్రత్యక్షం కావడం. మీ సంఘటనలో ఈ మూడింటిలో ఒక్కటీ జరగలేదు, అయినా లెక్క తప్పింది. 1995లో బెరెన్‌సన్, బెర్న్‌స్టీన్, జిమ్ గ్రే, మెల్టన్, ఇద్దరు ఓ'నీల్‌లు కలిసి రాసిన విమర్శ వ్యాసం ఈ లొసుగునే బయటపెట్టింది. స్నాప్‌షాట్ ఐసొలేషన్ అన్న స్థాయిని అందులోనే నిర్వచించి, రైట్ స్క్యూ దానికి లొంగదని చూపించారు. ఆ వ్యాసం వచ్చి ఇన్నేళ్లయినా ఉత్పత్తుల్లో పేర్లు సర్దుకోలేదు. ఒరాకిల్‌లో సీరియలైజబుల్ అని అడిగితే దొరికేది స్నాప్‌షాట్ ఐసొలేషనే. పోస్ట్‌గ్రెస్‌లో కూడా 2011లో వచ్చిన 9.1 వెర్షన్‌కు ముందు పరిస్థితి అదే.

మైఎస్‌క్యూఎల్ వాడేవారెవరైనా ఇది చదువుతుంటే వారికి ఒక హెచ్చరిక. అందులో డేటా నిల్వ చూసే ఇన్నోడీబీలో కూడా రిపీటబుల్ రీడ్ అనే పేరే ఉంది, పైగా మనం ఏమీ మార్చకపోతే ఉండే స్థాయి అదే. కానీ అక్కడ మామూలు సెలెక్ట్ పాత ఫొటోను చూస్తుంది, అప్‌డేట్ మాత్రం తాజాగా కమిట్ అయిన వరుసపై పనిచేస్తుంది. విత్తన వేరుశనగ మూటల నిల్వను చదివి, ప్రోగ్రాంలో తీసివేత చేసి, వచ్చిన అంకెను తిరిగి రాసే పద్ధతిలో ఇద్దరు ఒకేసారి పనిచేస్తే, ఒకరి తీసివేత దోషమేదీ చూపకుండా మాయమైపోతుంది. పోస్ట్‌గ్రెస్ అదే సందర్భంలో 40001 ఇస్తుంది. ఒకే పేరు చూసి ఒకే ప్రవర్తన ఉంటుందని నమ్మి, అనంతపురంలో నేను ఒక సీజను మొత్తం గోదాము నిల్వ సరిచూడడంలో గడిపాను.

కొండారెడ్డి బురుజు, కర్నూలు

చిత్రావతి గారు కారణం చెప్పారు, నేను పని చెబుతాను. మీ నియమం కుటుంబానికి సంబంధించినది; మీరు కాపలా పెట్టినది ఖాతాకు. నియమం ఏ వస్తువుకు చెందుతుందో ఆ వస్తువుకు ఒక వరుస ఉండాలి, లాక్ ఆ వరుసకు పడాలి. మీ దగ్గర కుటుంబాల పట్టిక ఎలాగూ ఉండి ఉంటుంది, పరిమితి అందులోనే రాసి ఉంటారు. బిల్లు ట్రాన్సాక్షన్‌లో అన్నింటికంటే ముందు ఆ కుటుంబపు వరుసను సెలెక్ట్ ఫర్ అప్‌డేట్‌తో పట్టుకోండి, తరువాత ఖాతాల బాకీలను కూడండి, తరువాత బాకీ పెంచండి. రెండవ కౌంటరు ఆ వరుస దగ్గరే ఆగి, మొదటిది కమిట్ అయ్యాక ముందుకు కదులుతుంది.

కుటుంబంలోని ఖాతాలన్నింటినీ ఒక్కొక్కటిగా లాక్ చేస్తే చాలదా అని మీకు అనిపించవచ్చు. చాలదు. ఉన్న ఖాతాలకు లాక్ వేసిన తరువాత గోదాము కౌంటరులో కోడలి పేరున కొత్త ఖాతా తెరిచి బాకీ రాస్తే, ఆ వరుస మీరు లాక్ వేసేనాటికి లేనే లేదు. లేనిదానికి లాక్ వేయలేరు. 1976లో ఈశ్వరన్, గ్రే, లోరీ, ట్రైగర్ రాసిన వ్యాసంలో ప్రెడికేట్ లాక్ అన్న భావన పుట్టింది ఈ బాధ నుంచే: ఫలానా షరతుకు సరిపోయే వరుసలన్నింటికీ, ఇంకా పుట్టనివాటికి కూడా, లాక్ వేయగలగాలని. మీకు అంత సరంజామా అవసరం లేదు, కుటుంబపు వరుస ఆ షరతుకు ప్రతినిధిగా నిలబడుతుంది. కొత్త ఖాతా తెరిచే స్క్రీన్ కూడా ముందు అదే వరుసను పట్టుకోవాలన్నది మాత్రం మరవకండి.

ఇప్పుడు అసలు మెలిక. మీరు రిపీటబుల్ రీడ్‌కు మార్చానన్నారు. ఆ స్థాయిలోనే ఉండి నేను చెప్పిన లాక్ వేస్తే పని జరగదు, మళ్లీ 2,25,000 వస్తుంది. కారణం చిత్రావతి గారి మాటల్లోనే ఉంది: ఫొటో మొదటి ప్రశ్నతోనే తీసేస్తారు. మీ మొదటి ప్రశ్న ఆ లాక్ వేసే సెలెక్టే. గోదాము కౌంటరు ఫొటో తీసుకుని, ఆ తరువాత లాక్ కోసం వేచి ఉంటుంది. యార్డు కౌంటరు కమిట్ చేశాక లాక్ దొరుకుతుంది. కుటుంబపు వరుసను ఎవరూ మార్చలేదు, ఊరికే పట్టుకుని వదిలారు కాబట్టి 40001 కూడా రాదు. తరువాత చేసే కూడిక మాత్రం వేచి ఉండడానికి ముందు తీసిన ఫొటోలో జరుగుతుంది. లాక్ సరిగ్గా వేసి కూడా పాత అంకెను చదివిన వారవుతారు. రీడ్ కమిటెడ్‌లో అయితే ప్రతి స్టేట్‌మెంటుకూ కొత్త ఫొటో ఉంటుంది, కాబట్టి లాక్ దొరికిన తరువాత వేసిన కూడికకు తండ్రి తీసుకున్న 30,000 కనిపిస్తుంది. పై స్థాయికి వెళితే భద్రత పెరుగుతుందే గానీ తగ్గదని అనుకునే వారు ఇక్కడ దెబ్బతింటారు. లాక్‌లు మీరే వేసుకుంటున్నప్పుడు రీడ్ కమిటెడ్‌లో ఉండండి.

ఇంతకంటే పొట్టి దారి కూడా ఉంది. కుటుంబపు వరుసలోనే మొత్తం బాకీ అన్న ఒక గడి పెట్టి, "మొత్తం బాకీకి 30,000 కలుపు, కలిపినది పరిమితికి లోబడి ఉంటేనే" అని ఒకే అప్‌డేట్‌లో షరతుతో సహా రాయండి. ఎన్ని వరుసలు మారాయో చూడండి. సున్నా అంటే తిరస్కారం. రీడ్ కమిటెడ్‌లో ఇద్దరు ఒకేసారి వచ్చినా, వేచి ఉన్న అప్‌డేట్ లేచిన తరువాత ఆ వరుస కొత్త రూపాన్ని తీసుకుని షరతును మళ్లీ సరిచూస్తుంది. అయితే ఆ గడి ఖాతాల మొత్తానికి నకలు కాబట్టి, జమ చేసే ప్రతి చోటా, పట్టీ మినహాయింపులో కూడా, దాన్ని మార్చాలి. ఒక్క చోట మరిచిపోతే రెండు లెక్కలు విడిపోతాయి, అప్పుడు ఏది నిజమో తేల్చడం పెద్ద పని.

హంద్రీగట్టు, కర్నూలు

బురుజు గారూ, మీరు చెప్పినది చెప్పినట్టే జరిగింది. రిపీటబుల్ రీడ్‌లో కుటుంబపు వరుసకు లాక్ వేస్తే రెండవ కిటికీ బుద్ధిగా ఆగింది, లేచింది, తప్పు కూడిక చేసింది. ఆగడం చూసి సమస్య తీరిపోయిందని సంబరపడి మూసేసేవాడిని. మీ హెచ్చరిక చదివి ఉండకపోతే ఆ కూడికను చూసేవాడినే కాదు. రీడ్ కమిటెడ్‌కు తిరిగి వచ్చాక కొడుకు బిల్లుకు తిరస్కారం వచ్చింది.

మొత్తం బాకీ గడి కూడా పెట్టాను. దానికి తోడుగా ఆ పట్టికలో చెక్ నియమం పెడదామనుకున్నాను గానీ, నెలాఖరులో వడ్డీ కలిపినప్పుడు కొన్ని కుటుంబాలు న్యాయంగానే పరిమితి దాటతాయి, అప్పుడు వడ్డీ వేసే పని మొత్తం ఆగిపోతుంది. అందువల్ల షరతును కొత్త అప్పు ఇచ్చే అప్‌డేట్‌లోనే ఉంచాను.

కానీ రెండు కొత్త తలనొప్పులు మొదలయ్యాయి. సాయంత్రం పట్టీలు వేసే ప్రోగ్రాం ఆ రోజు లాట్లన్నింటినీ ఒకే ట్రాన్సాక్షన్‌లో తీర్చుతుంది. ఇప్పుడది కౌంటర్లతో డెడ్‌లాక్‌లో పడుతోంది. రెండవది, గోదాము గుమాస్తా బిల్లు స్క్రీన్ తెరిచి, రైతుతో మాట్లాడుతూ టీ తాగి వచ్చేలోపల యార్డులో అదే కుటుంబం బిల్లు కదలడం లేదు.

బుగ్గవంక, కడప

ముందు మీ రెండు తలనొప్పులు చూద్దాం, తరువాత బురుజు గారితో నాకున్న చిన్న అభిప్రాయభేదం చెబుతాను.

పట్టీ ప్రోగ్రాంలో ముందు ఖాతాలో బాకీ తగ్గించి, తరువాత కుటుంబపు మొత్తాన్ని తగ్గిస్తున్నారని నా ఊహ. కౌంటరులో క్రమం దీనికి తలకిందులు: ముందు కుటుంబం, తరువాత ఖాతా. ఒకరి చేతిలో ఖాతా, ఇంకొకరి చేతిలో కుటుంబం, ఒకరిది ఒకరికి కావాలి. ఇక ఎవరూ కదలరు. పోస్ట్‌గ్రెస్ లాక్ కోసం ఒక సెకను వేచి చూశాక డెడ్‌లాక్ ఉందేమో వెతికి, ఒకరిని 40పి01 కోడ్‌తో పంపించివేస్తుంది. ఆ ఒక సెకను డెడ్‌లాక్ టైమౌట్ అన్న సెట్టింగుకు మనం మార్చకపోతే ఉండే విలువ. ఎక్కడైనా సరే ముందు కుటుంబం, తరువాత ఖాతా అన్న క్రమాన్ని పట్టీ ప్రోగ్రాంలోనూ పాటించండి. అనేక కుటుంబాలను ఒకే ట్రాన్సాక్షన్‌లో ముట్టుకోవలసి వస్తే కుటుంబ సంఖ్య చొప్పున ఎక్కే క్రమంలో పట్టుకోండి. అయినా రోజంతటి లాట్లను ఒకే ట్రాన్సాక్షన్‌లో పెట్టడానికి నాకు కారణం కనిపించడం లేదు. ఒక రైతు పట్టీ ఇంకొక రైతు పట్టీ మీద ఆధారపడదు కదా. ఒక్కో పట్టీని ఒక్కో ట్రాన్సాక్షన్‌గా విడదీయండి.

టీ సంగతికి వస్తే, మనిషి ఆలోచించే సమయం ట్రాన్సాక్షన్ లోపల ఉండకూడదు. స్క్రీన్ తెరిచినప్పుడు చదివి ట్రాన్సాక్షన్ ముగించండి. గుమాస్తా బటన్ నొక్కినప్పుడు కొత్త ట్రాన్సాక్షన్ తెరిచి, పరిమితిని మళ్లీ సరిచూసి, రాసి, మూసేయండి. మధ్యలో ఇంకొకరు మార్చారేమో తెలియాలంటే వరుసలో ఒక వెర్షన్ సంఖ్య ఉంచి, అప్‌డేట్ షరతులో పాత సంఖ్యను అడగండి. దీనికి తోడుగా ట్రాన్సాక్షన్ తెరిచి ఊరికే కూర్చున్న కనెక్షన్లను కొంతసేపటికి తెంచే సెట్టింగు పోస్ట్‌గ్రెస్ 9.6 నుంచి ఉంది, దాన్ని వాడండి. తెరిచి వదిలేసిన ట్రాన్సాక్షన్ల వల్ల లాక్‌ల బాధ ఒక్కటే కాదు, పాత వరుసలను వాక్యూమ్ అనే శుభ్రపరిచే పని ఊడ్చివేయలేక పట్టికలు ఉబ్బిపోతాయి కూడా.

ఇక అభిప్రాయభేదం. బురుజు గారి పద్ధతి సరైనదే, కానీ అది ప్రతి ప్రోగ్రామరూ, ప్రతి స్క్రీన్‌లోనూ, ప్రతిసారీ గుర్తుంచుకోవలసిన పద్ధతి. రేపు మీ స్థానంలో ఇంకొకరు వచ్చి, తిరిగి వచ్చిన ఎరువుల బస్తాలకు ఒక స్క్రీన్ రాసి, కుటుంబపు వరుసను పట్టుకోవడం మరిస్తే, డేటాబేస్ వారికి ఏమీ చెప్పదు. సీరియలైజబుల్‌లో ఆ భారం డేటాబేస్ మీద ఉంటుంది. మీ మిత్రుడు భయపెట్టినది బహుశా పాతకాలపు లాక్‌ల పద్ధతిని మనసులో పెట్టుకుని కావచ్చు; అక్కడ చదివేవారు రాసేవారిని ఆపుతారు. పోస్ట్‌గ్రెస్ 9.1 నుంచి వాడుతున్నది 2008లో కేహిల్, రోమ్, ఫెకెటె ప్రతిపాదించిన పద్ధతి. అందులో చదవడం కోసం ఎవరూ ఎవరినీ ఆపరు. ఎవరు ఏది చదివారో డేటాబేస్ గుర్తు పెట్టుకుని, "నేను చదివినదాన్ని నీవు మార్చావు" అనే బాణాలను ట్రాన్సాక్షన్ల మధ్య గీసుకుంటూ పోతుంది. ఒక ట్రాన్సాక్షన్‌లోకి అలాంటి బాణం ఒకటి వచ్చి, దాని నుంచి ఇంకొకటి బయటికి పోతే, ప్రమాదం ఉండవచ్చని ఒకరిని 40001తో రద్దు చేస్తుంది. మీ తండ్రీకొడుకుల బిల్లుల మధ్య బాణాలు రెండు వైపులా ఉన్నాయి కాబట్టి ఒకటి తప్పకుండా రద్దవుతుంది.

"ఉండవచ్చని" అన్న మాటను గమనించండి. నిజంగా చిక్కు లేకపోయినా రద్దయ్యే సందర్భాలు ఉంటాయి. ఖాతాల పట్టికలో కుటుంబ సంఖ్య మీద ఇండెక్స్ (వెతకడానికి సూచిక) లేక పట్టిక మొత్తాన్ని చదివితే, ఆ గుర్తు పట్టిక అంతటికీ పడుతుంది. అప్పుడు ఏ సంబంధమూ లేని రెండు కుటుంబాల బిల్లులు కూడా ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. పట్టిక చాలా చిన్నదైతే ఇండెక్స్ ఉన్నా ప్లానర్ (ఎలా చదవాలో నిర్ణయించే భాగం) దాన్ని వాడకపోవచ్చు, కాబట్టి పది వరుసలతో పరీక్షించి ఇది పనికిరాదని తేల్చకండి.

రెండు షరతులు మాత్రం రాజీ లేనివి. ఆ ఖాతాలను మార్చే ట్రాన్సాక్షన్లన్నీ సీరియలైజబుల్‌లోనే ఉండాలి. ఒక్క పట్టీ ప్రోగ్రాం రీడ్ కమిటెడ్‌లో ఉండిపోతే దానితో జరిగే తగాదాలకు హామీ లేదు. రెండవది మళ్లీ ప్రయత్నించడం. 40001 వస్తే ట్రాన్సాక్షన్ మొత్తాన్ని, కూడికతో, నిర్ణయంతో సహా, మొదటి నుంచీ నడపాలి. చివరి అప్‌డేట్‌ను మాత్రమే మళ్లీ పంపేవారిని చూశాను. వారు పాత కూడిక మీద తీసుకున్న నిర్ణయాన్నే మళ్లీ అమలు చేస్తున్నట్టు. రైతుకు ఎస్ఎంఎస్ పంపడం, బిల్లు అచ్చు వేయడం వంటివి కమిట్ అయిన తరువాతే జరగాలి, లేకపోతే రద్దయిన బిల్లుకు కూడా కాగితం బయటికి వస్తుంది.

కొండారెడ్డి బురుజు, కర్నూలు

బుగ్గవంక గారి వాదనలో బలం ఉంది. అయినా మళ్లీ ప్రయత్నించే కోడ్‌ను ప్రతి చోటా రాయడం కూడా గుర్తుంచుకోవలసిన పనే కదా. తేడా ఏమిటంటే, లాక్ మరిస్తే లెక్క నిశ్శబ్దంగా తప్పుతుంది, మళ్లీ ప్రయత్నించడం మరిస్తే గుమాస్తాకు తెర మీద దోషం కనిపించి మీకు ఫోన్ వస్తుంది. రెండవ రకం మరుపే మేలని నేను ఒప్పుకుంటాను. రెండు కౌంటర్ల దుకాణంలో వేగం అసలు చర్చించవలసిన విషయమే కాదు.

మైఎస్‌క్యూఎల్ వారికి ఒక మాట కలుపుతాను. అక్కడ డెడ్‌లాక్‌కు వచ్చే 1213 దోషం ట్రాన్సాక్షన్ మొత్తాన్ని వెనక్కి తీస్తుంది. కానీ లాక్ కోసం 50 సెకన్లు వేచి విసిగినప్పుడు వచ్చే 1205 దోషం, సెట్టింగు మార్చకపోతే, ఆ ఒక్క స్టేట్‌మెంటునే వెనక్కి తీస్తుంది. ట్రాన్సాక్షన్ తెరిచే ఉంటుంది, అంతకుముందు చేసినవి అలాగే ఉంటాయి. దాన్ని పట్టించుకోకుండా కమిట్ చేస్తే సగం బిల్లు నమోదవుతుంది. కాబట్టి 1205 వచ్చినా మీరే రోల్‌బ్యాక్ చేసి మొదలుపెట్టాలి.

హంద్రీగట్టు, కర్నూలు

అందరికీ కృతజ్ఞతలు. పట్టీ ప్రోగ్రాం విషయంలో బుగ్గవంక గారి ఊహ నిజమే, అక్కడ ఖాతా ముందు, కుటుంబం తరువాత ఉంది. క్రమం మార్చి, పట్టీకి ఒక ట్రాన్సాక్షన్ చొప్పున విడదీశాక డెడ్‌లాక్ మళ్లీ రాలేదు. బిల్లు స్క్రీన్‌ను చదివి మూసే పద్ధతికి మార్చాను.

చివరికి బిల్లు, జమ, పట్టీ, కొత్త ఖాతా, వడ్డీ అన్నింటినీ సీరియలైజబుల్‌కు మార్చి, 40001, 40పి01 రెండింటికీ మొదటి నుంచీ నడిపే ఒకే ఫంక్షన్ గుండా పంపుతున్నాను. మొత్తం బాకీ గడిని తీసివేశాను. రెండు లెక్కలు విడిపోతాయన్న భయం నాకు పరిమితి దాటడం కంటే ఎక్కువగా ఉంది. రాత్రి రిపోర్టులను మాత్రం సీరియలైజబుల్‌లోనే రీడ్ ఓన్లీ (చదవడానికే), డిఫరబుల్ (భద్రమైన ఫొటో దొరికేదాకా ఆగేది) అని చెప్పి నడుపుతున్నాను. మొదలయ్యే ముందు కాసేపు ఆగినా, మొదలైన తరువాత రద్దు కావు, ఇతరులను రద్దు చేయవు.

కూడికకూ అప్‌డేట్‌కూ మధ్య కావాలని రెండు సెకన్ల నిద్ర పెట్టి, రెండు కిటికీల నుంచీ తండ్రీకొడుకుల బిల్లులను ఒకేసారి వదిలాను. తండ్రి బిల్లు రద్దయింది, ఫంక్షన్ దాన్ని మళ్లీ నడిపింది, ఈసారి కూడికలో 1,95,000 కనిపించి "ఇంకా 5,000 మాత్రమే ఇవ్వవచ్చు" అని తెర మీద వచ్చింది. షావుకారు గారికి చూపిస్తే, ఆ 5,000 అన్న మాటను తెలుగులో పెద్ద అక్షరాలతో చూపించమన్నారు.